రెండు పండుగల నడుమ పదిహేను రోజులు: ఆకేరు రేవులో మూడేళ్ల పని

2022 అక్టోబరు 3, సద్దుల బతుకమ్మ, అంటే బతుకమ్మ పండుగ చివరి రోజు. చీకటి పడుతుండగా మా అత్తగారి ఊళ్లో ఆడవాళ్లమంతా బతుకమ్మలు ఎత్తుకుని ఆకేరు వాగు రేవుకు వెళ్లాం. నా ముందు నడుస్తున్న మా తోటికోడలు నీళ్లలో రెండడుగులు వేసి ఆగిపోయింది. అరవలేదు. నెత్తి మీద ఐదు వరసల బతుకమ్మ ఉంది. అది ఒరిగిపోతుందేమోనని రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది. పక్కవాళ్లు బతుకమ్మను అందుకున్నాక కాలు పైకి తీసింది. అరికాల్లో తుప్పు పట్టిన ఇనుప తీగ దిగి ఉంది. ఇరవై నాలుగు రోజుల కిందట అదే రేవులో నిమజ్జనం చేసిన వినాయకుడి విగ్రహం తాలూకు తీగ అది. పైపూత పెచ్చులుగా ఊడిపోయి, లోపలి చట్రం నీటి అడుగున ఇసుకలో పాతుకుపోయింది.

ఆమెను ఆటోలో ఎక్కించి టీటీ ఇంజెక్షన్‌కు పంపాక, ఊరంతా అవ్వ అని పిలిచే ఒక పెద్దావిడ నా పక్కకు వచ్చింది. "నేను కాపురానికి వచ్చిన ఏడు ఆ కింది బండ దగ్గర వేశాం బిడ్డా. తరవాత్తరవాత ఏటా నాలుగడుగులు పైకి జరుగుతూ వచ్చాం" అంది. ఆమె చూపించిన బండ మేం నిలబడ్డ చోటికి చాలా దిగువన ఉంది. దాని చుట్టూ సీసా పెంకులు, పాత విగ్రహాల పీటలు, గుర్రపుడెక్క. ఊరి ఆడవాళ్లు ఎవరితోనూ తగవు పడకుండా, ఎవరికీ చెప్పకుండా, చెత్తకు చోటిస్తూ ఏటా కొంచెం కొంచెం వెనక్కి తగ్గారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను వరంగల్‌లో ఒక జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం చెబుతాను. సెలవు రోజుల్లో ఊళ్లో ఉంటాను. ఆ రేవులో తరవాత మూడేళ్లు ఏం చేశామో, అందులో ఏది చెడిందో, ఏది నిలిచిందో రాస్తున్నాను.

ఆకేరు

ఆకేరు పెద్ద నదేమీ కాదు. వానాకాలంలో ఉరవడి, ఎండాకాలంలో ఇసుక. మా ఊరు వర్ధన్నపేటకూ తొర్రూరుకూ మధ్య, ఖమ్మం రోడ్డుకు కాస్త లోపలికి ఉంటుంది. ఇక్కడి నుంచి వాగు మహబూబాబాద్ జిల్లా దాటి, ఖమ్మం దగ్గరి తీర్థాలలో మున్నేరును కలుస్తుంది. వరంగల్ వాళ్లను మీ నది ఏదని అడిగితే చాలామంది గోదావరి అంటారు. రామప్ప, లక్నవరం నీళ్ల దారి గోదావరికే. పాకాల దగ్గర పుట్టే మున్నేరు, మా ఆకేరు మాత్రం దక్షిణం పట్టి కృష్ణకు పోతాయి. మన రేవులో వదిలేసిన ప్లాస్టిక్ కవరు విజయవాడ దిక్కుగా పోతుందని పటం మీద వేలు పెట్టి చూపిస్తే పిల్లలు ఒక పట్టాన నమ్మరు.

ఏప్రిల్‌లో కూడా వాగు చచ్చిపోదు. ఇసుకను మోచేతి లోతు తోడితే నీరు ఊరుతుంది. దాన్నే చెలిమె అంటాం. అవ్వ చెలిమె తీయడం చూడాలి. ముందు అరచేత్తో ఇసుకను గుండ్రంగా పక్కకు నెట్టి, అంచులు జారకుండా తడి ఇసుకతో గట్టు కడుతుంది. మొదట ఊరిన నీరు మబ్బుగా ఉంటుంది. కొబ్బరి చిప్పతో తోడి బయట పోస్తుంది. రెండోసారి ఊరినదీ పోసేస్తుంది. మూడోసారి మాత్రం చేయి కడిగి కూర్చుంటుంది. అడుగున ఇసుక రేణువులు ఒక్కొక్కటిగా ఆడుతూ, నీరు అద్దంలా నిలుస్తుంది. ఆ ఇసుకే వడపోత. ఇసుక పోతే చెలిమె లేదు, ఒడ్డున బావుల్లో నీరూ నిలవదు.

ఈ వాగు మీద ఆధారపడినవారు చాలామంది. రజకుల బండలున్నాయి. ముదిరాజ్‌లు మడుగులో వల వేస్తారు. గొల్లకుర్మలు మందలను నీళ్లకు తోలుకొస్తారు. ఒడ్డు పొలాలకు మోటార్లున్నాయి. వీళ్లెవరినీ అడగకుండా నేను పని మొదలుపెట్టాను. మొదటి తప్పు అక్కడే జరిగింది.

జేసీబీతో చేసిన శుభ్రం

2023 జనవరిలో ఒక ఆదివారం కళాశాల నుంచి జాతీయ సేవా పథకం విద్యార్థులను తీసుకొచ్చాను. బ్యానరు కట్టాం. చేతి తొడుగులు, గోనె సంచులు, పారలు, గంపలు తెచ్చాం. మధ్యాహ్నానికి ట్రాక్టర్ ట్రాలీ నిండింది. అంత చెత్త తీసిన ఊపులో, ఒడ్డున మిగిలినదంతా చదును చేయిద్దామని నేనే అన్నాను. ఊళ్లో ఒకాయన జేసీబీని డీజిల్ ఖర్చుకే పంపాడు. రెండు గంటల్లో తుంగ, రెల్లు, సర్కారు తుమ్మ, వాటిలో చిక్కుకున్న చెత్త అన్నీ కలిపి ఊడ్చేసినట్టు పోయాయి. ఒడ్డు పెళ్లి పందిరికి అలికిన నేలలా కనిపించింది. ఫొటోలు తీసుకున్నాం.

వల సర్దుకుంటున్న పెద్దాయన ఒకరు, నేను మామా అని పిలుస్తాను, సాయంత్రం అటుగా వచ్చి చూశాడు. "రెల్లు కూడా తీశారా అమ్మా? మరి గట్టును పట్టుకునేది ఏది?" అన్నాడు. సమాధానం చెప్పలేకపోయాను.

చెత్త మార్చి నాటికి తిరిగి వచ్చింది. జూలైలో అంతకంటే పెద్ద దెబ్బ తగిలింది. 2023 జూలై ఆఖరులో ఉమ్మడి వరంగల్ జిల్లాను ముంచిన వానలు అందరికీ గుర్తే. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. మా దగ్గర అంత లేకపోయినా ఆకేరు ఒడ్డెక్కి పారింది. మేం చదును చేసిన మేర గట్టు కోసుకుపోయింది. దాని పక్కనే, జేసీబీ పోలేని చోట రెల్లు దుబ్బులు నీటికి వంగి, నీరు తీశాక మళ్లీ లేచాయి. రెల్లు వేళ్లు దుప్పటిలా అల్లుకుని ఇసుకను పట్టి ఉంచుతాయని పాఠంగా ఎన్నోసార్లు చెప్పాను. రేవులో నిలబడ్డప్పుడు అది గుర్తు రాలేదు. గట్టు పోయినందుకు ఆ పక్క పొలం రైతుకు క్షమాపణ చెప్పుకున్నాను.

ఇంకో నష్టం ఎవరికీ కనిపించనిది. చెక్‌డ్యాం కింద రాళ్లు తిరగేసి వాటికి అంటుకున్న పురుగులను చూడటం నాకు అలవాటు. నీటి ఆరోగ్యం చెప్పడానికి అంతకంటే చవకైన పద్ధతి లేదు. మూడు సన్నని తోకలతో, పొట్టకు ఇరువైపులా ఆకుల్లాంటి మొప్పలు ఆడిస్తూ పాకే మేఫ్లై పిల్లలు కనిపిస్తే నీటిలో ఆక్సిజన్ బాగుందని అర్థం. తూనీగ పిల్లలు కాస్త మురికికి ఓర్చుకుంటాయి. దారప్పోగుల్లా ఎర్రగా మెలికలు తిరిగే పురుగులొక్కటే మిగిలాయంటే నీరు బాగా చెడినట్టు. వాటి రక్తంలో హిమోగ్లోబిన్ ఉంటుంది గనక ఆక్సిజన్ తక్కువైనా బతుకుతాయి. జేసీబీ తిరిగిన నెల తరవాత అక్కడ రాయి తిరగేస్తే బురద పూత, నాలుగైదు ఎర్ర పురుగులు తప్ప ఏమీ లేవు. తుంగ కాడలు పట్టుకుని పైకెక్కి రెక్కలు విప్పుకోవాల్సిన తూనీగలకు మేం కాడ కూడా మిగల్చలేదు.

అడిగి తెలుసుకున్నది

ఆ వానల తరవాత మూడు వారాంతాలు పార పట్టలేదు. నోటు పుస్తకం పట్టుకుని రేవులో కూర్చున్నాను. ఎవరు ఏ వేళ వస్తున్నారు, దేనికి వస్తున్నారు, ఎక్కడ దిగుతున్నారు, ఎక్కడ దిగకుండా తప్పుకుంటున్నారు. ఆ చివరిదే అన్నిటికంటే పనికొచ్చింది. జనం తప్పుకునే చోట్లన్నీ కలిపి గీస్తే అది చెత్త పటం అయింది.

మహిళా సంఘాల నెలవారీ సమావేశంలో పొదుపు లెక్కలు అయ్యాక పది నిమిషాలు అడిగి తీసుకున్నాను. వాగుకు ఏం కావాలని అడగలేదు, వాగు దగ్గర మీకేం కావాలని అడిగాను. మూడే చెప్పారు. ఎంగిలిపూల నాటికి, అంటే బతుకమ్మ మొదటి రోజుకు, రేవులో ఇనుము, గాజు ఉండకూడదు. సాయంత్రాలు రేవు మెట్ల మీద తాగేవాళ్లు కూర్చోకూడదు. ఒక దీపం కావాలి. కాలుష్యం అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. పర్యావరణ దినం పేరుతో జూన్‌లో ఏదో చేద్దామని నేను వేసుకున్న పథకాన్ని అక్కడే మడిచి పక్కన పెట్టాను. జూన్‌లో వీళ్లందరూ పత్తి గింజలు పెడుతూ ఉంటారు.

పంచాంగం చూస్తే దారి దొరికింది. వినాయకుడి చివరి నిమజ్జనం భాద్రపద శుద్ధ చతుర్దశి నాడు. ఎంగిలిపూల బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు. నడుమ పదిహేను, పదహారు రోజులు. 2023లో అది సెప్టెంబరు 28 నుంచి అక్టోబరు 14 వరకు. ఒకే రేవులో ముందు మగపిల్లల పండుగ, తరవాత ఆడవాళ్ల పండుగ. మొదటిది వదిలిన దాని మీదే రెండోది నడుస్తోంది. ఏడాది పొడవునా పిలిస్తే ఎవరూ రారు. ఈ పదిహేను రోజులైతే ఊరంతటికీ అవసరం ఉంది, ఓపికా ఉంది. మా పనంతా ఇందులోనే పెట్టాం.

పీటకు మోకు

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అంటే కాల్చి నీరు తీసేసిన జిప్సం. నీటిలో పడితే చెరువు మట్టిలా కరగదు, మళ్లీ జిప్సంగా గట్టిపడుతుంది. పైన రంగులు, లోపల ఇనుము, కొబ్బరి పీచు, కింద చెక్క పీట. పూలు, బట్టలు, అలంకారాలు ముందే తీసేయాలని, వాగుల్లో కాకుండా అడుగున షీటు పరిచిన తాత్కాలిక గుంటల్లో నిమజ్జనం చేయాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు 2010 నుంచీ ఉన్నాయి, 2020లో వాటిని సవరించారు. ఆ కాగితం తీసుకుని మండపాల పిల్లల దగ్గరికి వెళ్లాను. "దేవుణ్ణి గుంటలో వేయమంటారా మేడం?" అని ఒకబ్బాయి అడిగాడు. కోపంతో కాదు, నొచ్చుకుని. తొమ్మిది రోజులు పూజించిన చేతులతో అడిగిన ప్రశ్నకు మార్గదర్శకాలు జవాబు కావు.

జవాబు పంతులుగారి దగ్గర దొరికింది. ఉద్వాసన చెప్పాక విగ్రహంలో దేవుడు ఉండడు, మిగిలింది మట్టి, కట్టె అని ఆయన మండపాల వాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పారు. గుంట మాట ఆ ఏడాదికి వదిలేశాను. బదులుగా ఒక్కటే అడిగాను: విగ్రహం నీళ్లలోకి దిగేముందు పీటకు ఒక మోకు కట్టండి, రెండో కొస ఒడ్డు మీది చెట్టుకు కట్టండి. దీనికి ఎవరూ కాదనలేదు. తాళ్లెక్కే గౌడన్న ఒకాయన జారని ముడి ఎలా వేయాలో చూపించాడు.

మూడో రోజు పొద్దున్నే తీశాం. నేరుగా ఒడ్డుకు లాగితే పీట ఇసుకలో కూరుకుంటుంది. నీటి వాలుకు కొంచెం కిందికి నడుస్తూ ఏటవాలుగా లాగాలి. పెద్ద విగ్రహానికి ఆరుగురు కావాల్సి వచ్చింది. ఇనుము పాత సామాన్ల వాళ్లకు అమ్మి ఆ డబ్బుతో తోలు తొడుగులు, గమ్ బూట్లు కొన్నాం. ప్లాస్టర్ ముక్కలు డంపింగ్ యార్డుకు పంపాం. పూలను పేడతో కలిపి ఎరువుకు వేశాం. తరవాత పాత ఏళ్ల తీగల కోసం, వెదురు గడకు ఇనుప కొక్కెం బిగించి, మోకాలి లోతు వరకు అడుగడుగూ దువ్వాం. సీసా పెంకులను గోనె సంచిలో వేయకూడదని మొదటి ఆదివారమే తెలుసుకున్నాం, సంచి మోసినవాళ్ల పిక్కలు గీసుకుపోయాయి. ఇప్పుడు రేకు డబ్బాలు వాడుతున్నాం. గుర్రపుడెక్కను పూత రాకముందే వేళ్లతో సహా తీసి, ఒడ్డుకు దూరంగా ఎండబెట్టాలి. ఒక ముక్క నీళ్లలో మిగిలినా మళ్లీ అల్లుకుంటుంది. తుంగను, రెల్లును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అందులో చిక్కిన కవర్లను చేత్తో ఏరాం. అది చాలా నెమ్మది పని, ఇళ్లలో ధాన్యంలో రాళ్లేరడం అలవాటైనవాళ్లు మా అందరికంటే బాగా చేశారు.

ఆ ఏడాది ఎవరి కాలూ తెగలేదు.

నల్లబడిన సీసా

నీరు తేటగా కనబడగానే పిల్లలు ఈతకు దిగడం మొదలుపెట్టారు. నాకు భయం పట్టుకుంది. స్నానానికి పనికొచ్చే నీటికి ప్రమాణాలున్నాయి: లీటరు నీటిలో కరిగిన ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, జీవరసాయన ఆక్సిజన్ అవసరం (నీటిలోని కుళ్లును తినే సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) 3 మిల్లీగ్రాములు దాటకూడదు, పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి, మలం ద్వారా వచ్చే కోలిఫాం బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లకు 500 లోపు ఉండటం మేలు, 2500 దాటితే ఒప్పుకోరు. ఇవన్నీ ఊళ్లో చేయలేం. హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా పరీక్ష చేయవచ్చు. మందు పూసిన కాగితం ఉన్న చిన్న సీసాలో నీరు నింపి గది వేడిమిలో ఉంచితే, మలం తాలూకు బ్యాక్టీరియా ఉంటే ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. నీటికి ముందే కుళ్లు వాసన ఉంటే మాత్రం ఈ పరీక్షను నమ్మకూడదు.

బడి పిల్లలు నాలుగు చోట్ల నీరు పట్టారు. రేవు దగ్గరి సీసా తెల్లారేసరికి కాటుకలా నల్లబడింది. రేవుకు ఎగువన, ఊరి మురుగు కాలువ కలవకముందు పట్టినది రెండో రోజు కూడా అలాగే ఉంది. ఆ రెండు సీసాలనూ పంచాయతీ కార్యాలయం కిటికీలో పక్కపక్కన పెట్టాం. నా ఉపన్యాసాలు చేయలేనిది ఆ సీసాలు వారంలో చేశాయి.

ఇక్కడే ఒక సంగతి గట్టిగా చెప్పాలి. మురుగు కాలువను మళ్లించడం స్వచ్ఛంద సేవ కాదు. అది పంచాయతీ బాధ్యత. చందాలు వేసుకుని మనమే పైపులు వేద్దామని మా కుర్రవాళ్లు అన్నారు, నేను ఒప్పుకోలేదు. ఒకసారి మనం వేస్తే, పగిలిన ప్రతిసారీ మనమే వేయాలి, ఊరు పన్ను కట్టేది దేనికన్న ప్రశ్నే ఉండదు. గ్రామసభలో తీర్మానం చేయించాం. 2024 జనవరి ఆఖరుతో సర్పంచుల పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. కాగితాలు మళ్లీ మొదటి నుంచి మొదలయ్యాయి. కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి మహిళా సంఘం వాళ్లే సీసాలు పట్టుకుని వెళ్లారు. ఏడాదికి పైగా పట్టింది కానీ కాలువ మూతి రేవుకు దిగువకు మారింది, దాని కింద ఒక గుంట తవ్వి తుంగ, మెట్టతామర పెట్టారు. మురుగు మురుగే, దిగువ ఊరికి అది ఇంకా పోతూనే ఉంది. ఈ పని సగమే అయింది.

2024 సెప్టెంబరు 1

ఆ రాత్రి వాన గురించి వివరంగా రాయలేను. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. మరిపెడ వైపు ఆకేరు వంతెనలను ముంచింది. మా రేవు మెట్ల పక్క స్తంభానికి పసుపు, ఎరుపు గీతలు గీసి ఉంచాం. సాయంత్రం నీరు పసుపు గీత తాకగానే వాట్సాప్‌లో పెట్టాం, ఫోన్లు లేని గొర్రెల కాపరుల దగ్గరికి ఇద్దరు కుర్రవాళ్లు సైకిల్ మోటార్ మీద వెళ్లి మందలను గుట్ట వైపు తోలించారు. మూడేళ్లలో మేం చేసిన వాటిలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది ఆ రంగు గీతే.

నీరు తీశాక చూస్తే నాటిన నేరేడు, కానుగ మొక్కలు ఒక్కటీ లేవు. ఏరుమద్ది మొక్కలు కొన్ని పడుకుని ఉన్నాయి, నెల తిరగకముందే చిగురించాయి. రెల్లు ఉన్న గట్టు నిలిచింది. జేసీబీతో గీకిన గట్టు ఇంకొంచెం పోయింది.

పదహారు రోజులకు నిమజ్జనం. వాగు ఇంకా బలంగానే పారుతోంది, అడుగున కొత్త గుంతలు పడ్డాయి. ఈసారి నేను అడగనేలేదు. కిందటేడు నొచ్చుకున్న అబ్బాయే వచ్చి, "గుంట తవ్విద్దాం మేడం, నీళ్లలోకి ఎవరినీ దిగనివ్వం" అన్నాడు. ఒడ్డున గుంట తవ్వి, షీటు పరిచి, వాగు నీరే బిందెలతో తెచ్చి నింపారు. బిందెలతో తేవడం వాళ్ల ఆలోచన. అలా చేస్తే అది ఆకేరే అవుతుందని వాళ్లు అనుకున్నారు, ఊరూ అలాగే అనుకుంది.

అక్టోబరు 2న ఎంగిలిపూలు. వరద తెచ్చిన కొత్త ఇసుక తెల్లగా పరుచుకుంది. పాటలు అయ్యాక అందరం ఇసుకలో కూర్చుని సత్తుపిండి, మలీద పంచుకున్నాం. చీకటి పడ్డా ఎవరూ లేవలేదు, దీపం ఉంది.

ఇప్పుడు

మొదటి ఆదివారం వచ్చిన యాభై మందిలో ఇప్పుడు వస్తున్నవారు పదిలోపే. ఊరి నుంచి పండుగల నడుమ వచ్చేవారు మాత్రం పెరిగారు. మిగతా ఏడాదంతా రాళ్లు తిరగేసి పుస్తకంలో రాసే పని తొమ్మిదో తరగతి ఆడపిల్లలు చేస్తున్నారు. 2025 ఫిబ్రవరిలో వాళ్లు నాకు ఫోన్ చేసి, "మూడు తోకలది దొరికింది మేడం" అన్నారు. తాగేవాళ్లు మెట్ల మీది నుంచి లేచి వంతెన కిందికి మారారు. పెంకులు అక్కడ పడుతున్నాయి. ఇసుక ట్రాక్టర్లకు మా వాళ్లు ఎవరూ అడ్డు పోకూడదని నియమం పెట్టుకున్నాం. బండి నంబరు, వేళ రాసి తహసీల్దారు కార్యాలయంలో ఇస్తాం, అంతే. ప్రాణాల మీదికి తెచ్చే పనిని స్వచ్ఛంద సేవకుల చేత చేయించే హక్కు నాకు లేదు. ఇసుక తీసిన గుంతల పక్కన పిల్లల కోసం తాడు, గాలి నింపిన ట్యూబు కట్టి ఉంచాం.

2025లో సద్దుల నాడు అవ్వ మా అందరికంటే ముందు నడిచింది. మేం ఆగిన చోట ఆగలేదు. మెట్లు దాటి, రజకుల బండలు దాటి దిగువకు వెళ్లి, ఆ పాత బండ దగ్గర నిలబడి కాలితో నీటి అడుగు తడిమి చూసుకుంది. తరవాత చేయి ఊపి పిలిచింది. మా తోటికోడలు, నేను, ఇంకా చాలామంది వెళ్లాం. రెండు మూడు ఇళ్లవాళ్లు మాత్రం ఎగువనే వేశారు. ఆ బండకు అవతల మూడు గజాల మేర మేం ఇంకా కొక్కెంతో దువ్వలేదు. అక్కడికి వెళ్లకుండా వెదురు గడ అడ్డం పాతాం.